జుర్మానా లేని తప్పు

నాగర్‌కర్నూలు
6 ఫిబ్రవరి 1941

మగ్గం ఆపింది సంఘం కాదు. నువ్వే.

చెల్లె నీలవేణికి నీ అన్న సీతారాములు రాస్తున్నాడు. క్షేమసమాచారాలు చివర రాస్తాను, అప్పటికి కోపం తగ్గితే.

నిన్న వకీలు గారి పని మీద తిమ్మాజిపేట పోయాను. నూలు అమ్మే సాయన్న ఎదురుపడ్డాడు. "మీ చెల్లె మగ్గానికి గుడ్డ కప్పింది, ఎరుకేనా?" అన్నాడు. ఎందుకయ్యా అంటే, "వనపర్తి సంఘపోల్లు ఇంగ్లీషుల ఏందో రాసి పంపిన్రంట. ఇగ నేస్తదా?" అన్నాడు. నా సొంత చెల్లెలి సంగతి నేను సంతలో నూలు మూటల నడుమ నిలబడి వినాల్సి వచ్చింది.

శాంతయ్య బావ జ్వరంతో పోయిన ఏడు, ఆ మగ్గం అమ్మెయ్యమని నీకు చెప్పనివాడెవడు? ఆడది కండెలు చుట్టాలె గాని మగ్గం గుంటలో కాళ్లు పెట్టొద్దన్నారు. నువ్వు పెట్టావు. నాన్న ఆ పని మనిద్దరికీ చూపించాడు. నాకు అబ్బలేదు, నీకు అబ్బింది. నేను అప్పుడే చెప్పాను: ఎవరడిగినా తల దించకు, 'నేనే నేసిన' అను. అన్నావు. వనపర్తి చేనేత సంఘం కార్యదర్శి నువ్వు నేసిన పెండ్లి చీరలు చూసి మురిసిపోయి ఎవరు నేశారని అడిగితే ఆ మాటే అన్నావు. ఆ కబురు తెలిసిన రోజు మీ వదిన విసుక్కునేదాకా చెప్పిందే చెప్పాను.

తర్వాత జరిగింది సాయన్న చెప్పాడు. చీరలు శ్రీరంగాపూర్‌లో ఒక పెండ్లివారికి పోయాయి. నేసింది ఎవరో వాళ్లకు తెలిసింది. "మొగడు చచ్చినదాని చేతి చీర పెండ్లిపిల్లకా" అని మూట తిప్పి పంపారు. సరే, వాళ్లు మూఢులు. వాళ్లను వదిలెయ్. ఈ సంఘం ఎవరిది? చేనేతను ఉద్ధరిస్తామని సభలు పెట్టి దండలు వేయించుకున్నవాళ్లది! వాళ్లు పెండ్లివారిని మందలించాల్సింది పోయి, నిన్ను మందలిస్తూ కాగితం తీశారు. ఆ కాగితం చూసి నువ్వు మగ్గానికి గుడ్డ కప్పావు. పులిని చూసి పారిపోయినవాళ్లను చూశాను గాని, అగ్గిపెట్టె మీద పులి బొమ్మను చూసి పారిపోయినదాన్ని నిన్నే చూస్తున్నాను.

ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్లు ఎవరిచేతనైనా రాయించి పంపు. మిగతాది నేను చూసుకుంటాను.

మీ వదిన రామేశ్వరమ్మ నిన్ను అడిగింది. మీ అత్త హన్మమ్మకు నా దండాలు.

కోపం ఇంకా తగ్గని
నీ అన్న, సీతారాములు


గద్వాల
మాఘ బహుళ విదియ

అన్నకు, వదినకు నీలవేణి దండాలు. జాబు అందింది. ఇక్కడ అందరం ఉన్నం.

నేను భయపడలే. మగ్గం మీద పడుగు అయిపోయింది. కొత్తది ఎక్కలే. ఖాళీ మగ్గం మీద దుమ్ము పడుతదని మా అత్త గుడ్డ కప్పింది. గంతే.

కాయితం వచ్చిన్నాడు ఇంగ్లీషు చదివేటోళ్లు లేక మిషను బడి సామ్యూల్ పంతుల్ని పిలిచిన. ఆయన మన వాకిట్ల అరుగు మీద కూసున్నడు. వీధంత జమైంది. పంతులు లోపలలోపల ఒకసారి చదువుకున్నడు, మళ్ల చదువుకున్నడు, అద్దాలు తుడుచుకున్నడు.

"సంఘం తన డిసప్రొబేషన్ తెలుపుతున్నదని రాసిన్రు," అన్నడు.

మన కులపెద్ద బుచ్చయ్య మామ ముందట్నే కూసున్నడు. "అంటే ఏంది పంతులూ?"

"అంటే... వాళ్లకు నచ్చలేదు, పెద్దయ్యా. చేసింది మంచిగ లేదని అనుకుంటున్రు."

"అనుకుంటే? ఏం చేస్తరంట?"

"ఏం చెయ్యరు."

"ఏం చెయ్యకుంటే కాయితం ఎందుకు రాసిన్రయ్యా? పోస్టు ఖర్సు దండుగ!"

అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన్ననుకుంట. మామ నవ్వలే. "జుర్మానా ఎంతో సూడు, కింద యాడన్న రాసి ఉంటది," అన్నడు. పంతులు కాయితం తిరగేసి చూపించిండు. ఎనక తెల్లగ ఉంది.

గప్పట్నుంచి సంగతి గిట్లుంది. కొత్త పడుగు పోసి పెట్టిన. నీకు ఎరుకే గద, పడుగు వీధిల బారుగ పరిచి, గంజి పెట్టి, ఆరకముందే కుంచెతోని దువ్వాలె. ఇంటోళ్లతోని అయ్యేది గాదు, వీధోళ్లు రావాలె. ఎవరి పడుగు పరిచిన పిలవకుండనే ఒస్తరు. నేను గుంజలు పాతి కూసున్న. తలుపులు తెరిసిన్రు. అందరు గడపల నిలబడ్డరు. "నీలవేణీ, మంచిగున్నవా" అని గూడ అడిగిన్రు. ఒక్కరు దిగలే. ఎండెక్కినంక పడుగు మళ్ల చుట్టి లోపల పెట్టిన.

ఎవరు తిట్టలే. పక్కింటి కోడలు చిన్నమ్మ పచ్చిపులుసు పంపింది. చేతులే ఒస్తలేవు.

బుచ్చయ్య మామను అడిగిన. "బిడ్డా, కులంల తప్పు వడ్డోళ్లను ఎంతమందిని సూడలే? జుర్మానా కట్టిస్తం, కొబ్బరికాయ కొట్టిస్తం, బెల్లం పంచుతరు, తెల్లారి అందరి పడుగుల ఆల్లుంటరు. దీనికి జుర్మానా రాయలే. కట్టకముందు కలుపుకుంటే ఆచారం పోయె. కడుదువంటే ఏం కట్టాల్నో తెల్వదు. మీ అన్నకు ఇంగ్లీషు ఒస్తది గద, ఆ మాటకు జుర్మానా ఎంతుంటదో అడుగు," అన్నడు.

గందుకని అడుగుతున్న. ఆ మాటకు అసలు అర్థం ఏంది, జుర్మానా ఎంతుంటది, జర రాయి.

నాకు కోపం లేదు. పొద్దున లేస్త, వాకిలి ఊడుస్త, గుంటల కాళ్లు పెట్టుకొని కూసుంట. పొద్దు పోతది.

నీలవేణి


నాగర్‌కర్నూలు
20 ఫిబ్రవరి 1941

నీలవేణీ,

ఈసారి ఆశీస్సుతోనే మొదలుపెడుతున్నాను, చివరకు వచ్చేసరికి మిగలదేమోనని.

డిసప్రొబేషన్. వకీలు గారి నిఘంటువు ముందర పెట్టుకొని రాస్తున్నాను. మెచ్చకపోవడం, తగదని తలచడం, ఇదీ అర్థం. కానీ మాటకు అర్థం ఒకటి, వాడుక ఒకటి. కూరలో ఉప్పెక్కువైతే తెల్లదొర ఈ మాట వాడడు. ఎండ మండితే వాడడు. కుర్చీలో కూర్చున్నవాడు నిలబడి ఉన్నవాడి నడవడిని గురించి, కుర్చీలోంచి లేవకుండా అనే మాట ఇది. దొర నౌకరును అంటాడు. హెడ్మాస్టరు పిల్లగాణ్ని అంటాడు. నౌకరు దొరను ఈ మాట అన్న దాఖలా ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. ఇది తిట్టు కాదు, తిడితే తిట్టినవాడి నోరు కూడా పాడవుతుంది. శిక్షా కాదు, శిక్షకు చట్టం కావాలి, దాని మీద అప్పీలుంటుంది. చేయి కదపకుండా కొట్టే చెంపదెబ్బ. కొట్టినవాడు 'నేనెక్కడ కొట్టాను?' అని చేతులు చూపిస్తాడు.

కనుక దానికి జుర్మానా లేదు. జప్తు లేదు. జైలు లేదు. ఏ బలమూ లేని మాట. ఈ సంగతి ఆ బుచ్చయ్యకు చదివి వినిపించు.

ఇక నీ మాటకు వస్తాను. జుర్మానా ఎంత అని అడుగుతావా? నువ్వా? దేనికి జుర్మానా? మొగడు పోయినా చేతులు పోలేదని రుజువు చేసినందుకా? పెండ్లాం చచ్చిన మగవాడు ఏ చీర నేసినా దానికి అశుభం అంటదు. వాడు మళ్లీ పెండ్లి చేసుకుంటూ తన పెండ్లి చీర తానే నేసుకున్నా అంటదు. ఆ అశుభం వెతుక్కుంటూ వచ్చి ఆడదాని వేళ్లకే ఎందుకు అంటుకుంటుందో ఒక్కడు, ఒక్కడు నాకు చెప్పమను! కట్టేసి కలిసిపోదామనుకుంటున్నావు. నిన్ను ఇట్లా లొంగమని నేను చెప్పలేదు.

వీధివాళ్లు రాకపోతే కూలికి మనుషులను పెట్టుకో. గద్వాలలో చేతులకు కరువా?

నేను ఊరుకోలేదు. పట్నం పత్రికకు వ్యాసం పంపాను, ఈ వారమే వేస్తారు. నీ పేరు, మన వీధి పేరు రాశాను. కార్యదర్శిని ఉతికాను. బుచ్చయ్యనూ ఆయన వెనకవాళ్లనూ వదల్లేదు. 'అర్థం తెలియని అక్షరాన్ని చూసి దొడ్లో దూరిన గొర్రెలు' అని రాశాను. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు రాదు.

ధైర్యంగా ఉండు.

నీ పక్షాన ఉన్న
సీతారాములు


గద్వాల
ఫాల్గుణ శుద్ధ సప్తమి

అన్నకు దండాలు.

కూలి సంగతి ముందు రాస్త. పడుగు పనికి కూలి ఉండదన్నా. నువ్వు మర్సిపోయినట్లుంది. ఇయ్యాల నీ పడుగుకు నేను, రేపు నా పడుగుకు నువ్వు. పైసలిస్తనంటే ఒచ్చేటోళ్లు గూడ రారు, అవమానం అనుకుంటరు. పని తెల్వనోళ్లను పెడితే పోగులు తెంపుతరు.

నీ జాబు బుచ్చయ్య మామకు చదివి ఇనిపించిన. జుర్మానా లేదు, ఎన్నటికీ ఉండదు అన్న కాడ ఆయన మొఖం పాలిపోయింది. "ఇగ ఎట్ల బిడ్డా?" అన్నడు. నీకు మంచి సంగతి అనిపించింది ఆయనకు చెడ్డ సంగతి అయ్యింది.

ఆ తెల్లారి ఎవరికి చెప్పకుండ రైలెక్కి వనపర్తి రోడ్డు టేషన్ల దిగి, బండి మీద సంఘం ఆఫీసుకు పోయిండు. ఒచ్చినంక మా అత్తకు చెప్పిండు. కార్యదర్శి కుర్చి ఏసి కూసోబెట్టిండంట.

"అయ్యా, మా పిల్లకు ఎంతో కొంత జుర్మానా రాసియ్యిన్రి, కడుతది," అన్నడంట మామ.

"మేం జుర్మానాలు వెయ్యం, పెద్దాయనా. అవి అనాగరికపు పద్ధతులు. మేం మా అభిప్రాయం మాత్రం తెలియజేశాం."

"మంచిది. మీ అభిప్రాయం ఎన్నొద్దుల దాక ఉంటదయ్యా?"

కార్యదర్శి నవ్విండంట. చాయ్ తాగి పొమ్మన్నడంట.

మామ తాగలే. తిరిగొచ్చి, "ఆల్లు రాయకుంటే నేనే రాస్త" అన్నడు. కొబ్బరికాయ, బెల్లం, ఇంటికింత. ఇగ మీదట మామూలు చీరలే నెయ్యాలె, పెండ్లివి నెయ్యొద్దు. మా అత్త నా దిక్కు చూసింది. నేను తలకాయ ఊపిన. నీకు కోపమొస్తది, ఎరుకే. ఊపిన. బేస్తవారం పంచాయితి అనుకున్నరు.

బుధవారం నీ పత్రిక ఒచ్చింది. చాయ్ హోటల్ల ఎవరో గట్టిగ చదివిన్రంట. గొర్రెల కాడికి ఒచ్చెవరకు అక్కడ మామ ఉన్నడంట.

మన వాకిట్లకు ఒచ్చిండు. లోపలికి రాలే. "మీ అన్న సదువుకున్నోడు. నేను గొర్రెను. గొర్రె పంచాయితి చెప్తదా బిడ్డా?" అన్నడు. గట్టిగ అనలే. చెప్పులేసుకొని పోయిండు.

బేస్తవారం పంచాయితి కాలే. ఆ తర్వాత నేను, మా అత్త ఇద్దరమే పడుగు పరిచినం. ఆమె ఒక కొసకు, నేను ఒక కొసకు. గంజి నేనే పెట్టిన, నేనే ఉరికొచ్చి దువ్విన. నడుమకు పోయెవరకు మొదలు ఆరిపాయె. ఎండెక్కింది. పోగులు ఒకదానికొకటి అతుక్కున్నయి. విడదీస్తే తెగినయి. అత్త "ఆపు, ఆపు" అంటనే ఉంది. ఇనపడ్డది గాని చేతులు ఆగలే. చిన్నమ్మ ఆమె గడపల నిలబడి కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సింది. నేను ఏడ్వలే. ఎందుకో తెల్వదు. గంజి కుండ కడిగి బోర్లిచ్చిన, అన్నం తిన్న, పన్న.

పడుగు పనికి రాదు. గట్టిగ, తాడు తీర్గ అయ్యింది. మూలకు పెట్టిన.

ఇప్పుడు వేలు మీద సూది గుచ్చుకున్నా జర ఆలస్యంగ ఎరుకైతున్నది. దవాఖానకు పొమ్మంటున్నది అత్త. నొప్పి లేనిదానికి ఏం చెప్పుకోవాలె?

నీలవేణి


నాగర్‌కర్నూలు
10 మార్చి 1941

చెల్లీ,

నీ ఉత్తరం మీ వదిన చదివి నా ముందర పెట్టి లోపలికి పోయింది.

నీ జాబు రాకముందే నేను సంఘానికి ఇంగ్లీషులో నోటీసు రాశాను. ఆ తీర్మానాన్ని ఉపసంహరించుకోండి, లేదా కారణాలు చూపండి అని. జవాబు వచ్చింది. మంచి కాగితం, మంచి టైపు. 'సదరు తీర్మానానికి ఎట్టి ఫలితమూ లేదు గనుక, దానిని ఉపసంహరించవలసిన అవసరమూ లేదు' అని. నేను నీకు రాసిన వాదమే అది. ఏ బలమూ లేని మాట అన్నాను గదా, వాళ్లూ అదే అంటున్నారు. వకీలు గారికి చూపిస్తే, "గట్టిగా రాశారు, ఎక్కడా పట్టు దొరకదు" అని మెచ్చుకున్నాడు.

కానీ బుచ్చయ్య విషయంలో నేను తప్పు రాశానని ఒప్పుకోను. గొర్రె అంటే నొచ్చుకున్నాడే, నువ్వు ఎండలో ఒక్కదానివి ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెత్తుతుంటే ఏం నొచ్చలేదా? ఆయన మంచివాడని నీ ఉత్తరం నిండా ఉంది. నేనూ కాదనను. రైలెక్కి పోయాడు, నీకోసం అడిగాడు. ఏం అడిగాడు? జుర్మానా అడిగాడు! నువ్వు తప్పు చెయ్యలేదనే ఒక్క మాట ఆ మనిషి నోట రాలేదు. చెడ్డవాళ్లతో పేచీ సులువు. నీ మేలు కోరి నిన్ను సగానికి కోసే మంచివాళ్లతోనే నాకు వేగదు. పెండ్లి చీరలు నెయ్యొద్దట. రెండు చేతుల్లో ఏ చేయి అశుభమో కూడా చెప్పాల్సింది.

చాలు. వాదించి నీ చేతులకు స్పర్శ తెప్పించలేను.

మగ్గం అమ్మెయ్. మీ అత్తను తీసుకొని ఇక్కడికి వచ్చెయ్. ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పేవాళ్లు కావాలంటున్నారు, మాట్లాడాను. వెనక గది ఖాళీ చేయిస్తాను. ఆ వీధికి నీ అవసరం లేనప్పుడు నీకు ఆ వీధి అవసరం ఏముంది? రోజు చెప్పు, బండి పంపుతాను.

సీతారాములు


గద్వాల
ఫాల్గుణ బహుళ పంచమి

అన్నకు, వదినకు దండాలు. అత్త మంచిగ ఉంది. నేను దవాఖానకు పోలే.

బండి పంపకు. నేను రాను.

ఒక దినం మగ్గం ఎందుకు ఆపినవంటవు, ఒక దినం అమ్మంటవు. రెండు జాబులు పక్కపక్కన పెట్టి చదివిన. నీ మనసు మంచిదే. రెండిట్ల నేను ఏమనుకుంటున్ననో నువ్వు అడగలే. సంఘం అడగలే. మామ గూడ అడగలే.

సాయన్న నూలు తెచ్చిండు. పడుగు మళ్ల పోసిన. మెల్లగ పోసిన, వేళ్లు మొద్దువారినయి గద. అత్త కండెలు చుట్టి పెట్టింది. పట్టు అంచుకు ఎర్ర రంగు తీసిన. ఇది పెండ్లి చీరనే. ఆనాడు మామ ముందట తలకాయ ఊపిన మాట నిజమే. పడుగు చెడినంక మళ్ల ఊపబుద్ధి అయితలేదు. ధైర్యం గాదు. ఏం అనిపిస్తలేదు, గంతే. ఏం అనిపియ్యకుంటే భయం గూడ అనిపియ్యదు.

మొన్న చిన్నమ్మ దొడ్డి దిక్కు నుంచి ఒచ్చింది. "అక్కా, నాకు రావాల్ననే ఉంది. మొదలు దిగాల్నంటేనే కాళ్లు ఒస్తలేవు. మన కులంల మనిషి ఎవరన్న ముందుగల కొస పట్టుకుంటే, ఎనక నేను ఒస్త. నేనొస్తే మా ఆయన ఒస్తడు. ఆల్లు పట్టుకున్నరు గద అని మేం అంటం," అన్నది. "ఎవరు పడుతరే?" అన్న. "మీ అన్న ఈ వీధోడే గద. ఈన్నే పుట్టిండు గద. అంత పెద్దగ రాసిండు, ఒచ్చి పట్టరాదా?" అన్నది.

సామ్యూల్ పంతులు, ఆయన భార్య గూడ ఒస్తమన్నరు. వాళ్లు పట్టుకుంటే కులపోల్లు ఇంకో మాటంటరని అత్త జంకింది. రమ్మన్న నేను. అనేటోళ్లను అననీ.

కొత్త పంచాయితి మాట ఎవరు ఎత్తలే. జుర్మానా కట్టాల్నా, వద్దా, అది ఒస్తే నేను చూసుకుంట. నువ్వు తీర్పు చెప్పకు.

పేరు ఈన్నే రాస్తున్న, కింద జాగ ఉండదు. నీలవేణి. నాకు కావాల్సినయి ఇవి:

నాగర్‌కర్నూలు రమ్మని, మగ్గం అమ్మమని మళ్ల రాయొద్దు.

నన్ను అడగకుండ నా పేరు పత్రికల వెయ్యొద్దు.

సంఘానికి ఇంకో కాయితం రాయొద్దు.

ఉగాది దాటినంక వచ్చే సోమారం తెల్లారెవరకు గద్వాలల ఉండాలె.

వదినను తోలుకొని రావాలె.

ముందు బుచ్చయ్య మామ ఇంటికి పోవాలె. గొర్రె అన్న మాట ఆయన ముందట వాపస్ తీసుకోవాలె. కొట్లాడేది ఉంటే ఆ తర్వాత కొట్లాడు.

వీధిల అందరు చూస్తుండంగ పడుగు కొస నువ్వు పట్టాలె.

ఎవరు దిగినా, దిగకున్నా, గంజి ఆరేదాక ఇడవొద్దు.

అందాక మాట్లాడొద్దు.